ఒకే గిన్నెలో పసుపునీళ్ళు

రోహిణి కార్తె, మొదటి రోజు

ఈ చిట్టాలో నారు సంగతులు మాత్రమే రాయాలని నియమం. సరే, ముందు అవే. టమాట నారు రెండో ఆకు వేసింది. కొర్ర ఒత్తుగా మొలిచింది. వంగ మాత్రం మొండికేసింది. మూడో వరసలో దీపం మినుకుమంటోందని మద్దిలేటితో చెప్పాను. చూస్తానన్నాడు, అంటే చూడడు. మద్దిలేటి నా మొగుడు. బిలంపేట మొత్తానికి నీటి పంపులు నడిపేది అతనే గానీ, పెళ్ళాం చెప్పిన దీపం అతని కంటికి ఆనదు.

పైన రోళ్ళు పగిలే ఎండ. మా ముత్తాతలు ఈ గుహల్లోకి దిగకముందు అది వట్టి మాటట. ఇప్పుడు మెట్ల దారి పైకొసన నిజంగానే పగిలిన రోలు ఒకటి పడి ఉంది.

పని ముగిశాక గంగికి రంగులు వల్లె వేయించాను. వచ్చే ఏడు నా బిడ్డకు ఏడేళ్ళు నిండుతాయి. చెవి వెనక గింజ నాటి, మణికట్టుకి పూస కడతారు. గింజ మనసు చదువుతుంది, పూస రంగు చూపిస్తుంది.

"పచ్చ?"

"మనసు నిండుగా ఉంటే."

"నీలం?"

"దిగులు."

"ఎరుపు?"

"నొప్పి. ల్యాకపోతే కోపం."

"నారింజ?"

అది నా చేతికేసి చూసింది. "నీది."

నారింజ అంటే ఉన్నచోట ఉండలేకపోవడం, ఎటైనా వెళ్ళాలనిపించడం. ఉగాది దాటినప్పటి నుంచి నా పూస ఎక్కువగా ఆ రంగులోనే ఉంటోంది. ఎందుకో నాకు తెలియదు.

రోహిణి కార్తె, నాలుగో రోజు

వంగ ఎట్టకేలకు తల ఎత్తింది.

పూసల మేస్త్రి కంబగిరి నారు గదికి వచ్చాడు. మంచి మనిషి, నవ్వకుండా మాట్లాడలేడు. ముందు తన మణికట్టు చూపించాడు, నేను నాది చూపించాను. మా ఊళ్ళో పలకరింపు అదే. ఎట్లున్నావని నోటితో అడగడం మోటుతనం. పూస ఎదురుగా కనపడుతుండగా అడిగితే అవతలి మనిషిని నమ్మనట్టు.

"సుంకులమ్మా, మంచి కబురు," అన్నాడు. "మృగశిర రాంగానే ఏరు జట్టు బయల్దేరుతాది. నీ పేరు వచ్చినాది."

ఏరు జట్టు అంటే తుంగభద్ర ఎండిన దారి వెంట ఎగువకు నడిచి, ఎక్కడైనా నీళ్ళు మళ్ళీ పారుతున్నాయేమో చూసి వచ్చే మనుషులు. ఎండ తగ్గిన నెలల్లో నడుస్తారు, ముదిరిన నెలల్లో ఏదో ఒక గుహలో దాక్కుంటారు. పోయి రావడానికి రెండేళ్ళు పడుతుంది. పోవాలని లేనివాళ్ళు దారిలో మనసు విరిగి కూలబడతారని, నారింజ పూస వాళ్ళనే పంపుతారు.

"నాకు చిన్నబిడ్డ ఉండాది గదప్పా," అన్నాను.

"అదే చెప్తాండా. బిడ్డ ఉన్యా కూడా పూస నారింజగా ఉండాదంటే, లోపల నీకు ఎంత గట్టిగా ఉండాలో సూడు. రోహిణి ఆఖరి దినం పెద్దల ముందర ఒప్పుకుంటే సరిపాయె."

నవ్వుతూ వెళ్ళిపోయాడు.

రోహిణి కార్తె, ఆరో రోజు

కొర్ర నారు పలచన చేశాను. పీకిన మొక్కలు మేకలకు పంపాను.

చేస్తున్నంతసేపూ ఆ నారింజ కోరిక ఎక్కడుందా అని నాలో వెతికాను. ఏటి గట్టున నడుస్తున్నట్టు ఊహించుకున్నాను. కాళ్ళు పీకాయి. నెత్తి మీద ఆకాశాన్ని ఊహించుకున్నాను. కళ్ళు మండాయి. చూస్తే నా చేతులు తడిమట్టిలో ఉన్నాయి, హాయిగా ఉన్నాయి. వాటికి ఎక్కడికీ పోవాలని లేదు.

మద్దిలేటి రొట్టె తుంచుతూ అన్నాడు. "పూస ఊరికే చెప్పదులే మే. నీకే తెలీకుండా లోపల ఉంటాదేమో."

"నాకు తెలీకుండా నా లోపల ఎట్ల ఉంటాది?"

"పంపులో గాలి చేరితే పంపుకు తెలుస్తాదా?"

నన్ను పంపుతో పోల్చాడంటే అది అతని ప్రేమే. మొహం మాత్రం పాలిపోయి ఉంది, పూస నీలంగా ఉంది. పోవద్దని అనలేకపోయాడు. పూస మాటకు అడ్డు చెప్పిన వాళ్ళను మేమెవరమూ చూడలేదు.

నా పూస నన్ను తికమక పెట్టడం కొత్త కాదు. గంగిని కనేటప్పుడు అది పచ్చగా ఉంది. "నొప్పి ల్యాకుండానే యాల అరుస్తాండావు?" అని మంత్రసాని కసురుకుంది. సిగ్గుపడి అరవడం మానేసి, పళ్ళు బిగబట్టి కన్నాను. గంగి పుట్టిన నెలకే సొరంగం పైకప్పు కూలి మా బావ ఓబులేసు పోయాడు. మద్దిలేటికి అన్న. ఆ రోజు నుంచి నా పూస నీలంగా మారి, ఏడాది పాటు అలాగే ఉంది. నీలిపూస తల్లి పక్కన పసిబిడ్డను పడుకోబెట్టకూడదు. రోజూ పడుకునే వేళకు మా అత్త బసమ్మ వచ్చి గంగిని ఎత్తుకుపోయేది. బిడ్డ నా వేలు పట్టుకుంటే చాలు, నాకు నవ్వొచ్చేది. కానీ ఆ నవ్వు పైపైదని, లోపల నాకు బిడ్డంటే ఇష్టం లేదని పూస చెబుతోంది కదా. నమ్మాను. నమ్మి, ఒక మూల కూర్చుని ఏడ్చాను.

మా బావ భార్య చౌడేశ్వరి పూస మాత్రం మొగుడు పోయిన నెలంతా పచ్చగానే వెలిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె వంటశాలలో కాల్చిన రొట్టెలు మాత్రం కొన్నాళ్ళు పళ్ళెంలోనే మిగిలిపోయాయి.

రోహిణి కార్తె, ఎనిమిదో రోజు

ఈ రోజు నారు సంగతులు రాయలేను.

పొద్దున వంటశాలలో పళ్ళెం పట్టుకుని వరసలో నిల్చున్నాను. ఎదురుగా చౌడక్క పెనం మీద జొన్నరొట్టె తిప్పుతోంది. వేలు పెనానికి తగిలి "అబ్బా!" అంది. ఆ క్షణంలో నా మణికట్టు ఎర్రగా వెలిగింది.

నాకేమీ కాలేదు. కాలింది ఆమెకు. ఆమె వేలు నోట్లో పెట్టుకుని ఉంది, పూస మాత్రం చల్లగా పచ్చగా ఉంది. ఆమె నా చెయ్యి చూసింది, నేను ఆమె చెయ్యి చూశాను. రొట్టె మాడుతోంది, ఇద్దరికీ పట్టలేదు.

పళ్ళెం అక్కడే పెట్టి ఆమెను సామాన్ల గదిలోకి లాక్కుపోయాను.

"అక్కా, నన్నొకసారి గిల్లు."

"పిచ్చి పట్టిందా మే?"

"గిల్లక్కా!"

గట్టిగానే గిల్లింది. తోడికోడలు గదా, అవకాశం వస్తే ఎవరు వదులుకుంటారు? నేను కెవ్వుమన్నాను. ఎర్రబడింది ఆమె పూస.

చౌడక్క జొన్నల మూట మీద కూలబడింది. "నువ్వు గంగిని కన్న దినం నా పూస పొద్దంతా ఎర్రగా ఉండె మే. కడుపులో ఏమో అయ్యిందని నాకు కషాయం మీద కషాయం తాపినారు."

మా పెళ్ళిళ్ళు ఒకే పందిట్లో జరిగాయి. అన్నదమ్ములిద్దరికీ ఒకే ముహూర్తం. పెళ్ళిలో అత్త కోడలి పూస విప్పి, పసుపునీళ్ళలో ముంచి మళ్ళీ కడుతుంది. మళ్ళీ ఎప్పుడూ ఎవరూ విప్పరు. ఆ ఏడు ఊళ్ళో నీళ్ళకు కటకటగా ఉంది. గిన్నె ఒకటే పెట్టారు.

పన్నెండేళ్ళుగా నా చేతి మీద ఉన్నది ఆమె మనసు. ఆమె చేతి మీద ఉన్నది నాది.

మొదట నాకు కలిగింది సంతోషం. నేను పోనక్కర్లేదు! ఆ నారింజ నాది కాదు! వెంటనే ఆమె మొహం చూశాను. ఈ సంగతి బయటపెడితే నా పేరు కొట్టేసి ఆమె పేరు రాస్తారు. ఆమెను ఎవరూ అడగరు.

"నీకు పోవాలనుందా అక్కా?"

"నాకేం తెలుసు?" అంది నిస్సహాయంగా. "పూస పచ్చగా ఉంటే ఈడే బాగుండాదని అనుకుంటా ఉండినా."

రోహిణి కార్తె, పదో రోజు

వంగ నారుకు బూడిద చల్లాను. పురుగు లేదు.

మధ్యాహ్నం చౌడక్క నారు గదికి వచ్చింది. పూసలు విప్పి కొర్రల డబ్బాలో పెట్టి మూత పెట్టాం. అది నేరమేమీ కాదు. మా ఊళ్ళో ఎవరికీ ఆ ఆలోచన రాదంతే.

"ఎట్లుండావు మే?" అంది. ఆ మాట అనడానికి కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది.

అలవాటు కొద్దీ మణికట్టు చూసుకున్నాను. అక్కడ తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. "తెలీదక్కా. నువ్వో?"

"నాకూ తెలీదు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె తెచ్చిన రెండు గిన్నెలు తెరిచింది. వంటశాలలో ఎవరి పళ్ళెంలో ఏం పడాలో పూసే చెబుతుంది. పన్నెండేళ్ళుగా నాకు తీపి జావ, ఆమెకు గొడ్డుకారం. న్యాయంగా మా మా తిండి ఈ రోజు తిందామనుకుని గిన్నెలు మార్చుకున్నాం. నాకు ఒక్క ముద్దకే కళ్ళలో, ముక్కులో నీళ్ళు. ఆమె జావ నోట్లో పెట్టుకుని "ఇంత సప్పటిది ఎట్ల తింటాండావు మే?" అని మొహం వికారంగా పెట్టింది. గిన్నెలు మళ్ళీ మార్చుకున్నాం. అరువు తెచ్చుకున్న రుచే ఇద్దరికీ సొంతమైపోయింది.

ఆలోచిస్తే ఈ నారు గది పని కూడా ఆమె మనసు చూసి నాకు ఇచ్చిందే. అయినా దీన్ని వదలమంటే నా ప్రాణం ఒప్పుకోదు. విత్తు ఎవరిదైతేనేం, ఇన్నేళ్ళు నీళ్ళు పోసింది నేను. ఇది నాకు నచ్చిందని ఇవాళ ఏ రంగూ చూడకుండా తెలిసింది. అంత చిన్న సంగతికి ఒళ్ళంతా తేలికైపోయింది.

అది చెబుదామని తల తిప్పితే చౌడక్క గిన్నెలోకి చూస్తూ ఉంది.

"మీ బావ పోయినప్పుడు నా పూస పచ్చగా ఉండె," అంది. "ఊరంతా సూసినారు. నేనూ సూసినా. గుండెల మీద బండ పెట్టినట్లుండేది మే. పూస పచ్చగా ఉండాది గదా, ఇది బాధ కాదేమో, ఒంటినొప్పేమో అనుకున్యా. నాది రాతిగుండె అనుకుంటా బతుకుతాండా."

"అక్కా," అన్నాను. "ఆ ఏడాదంతా నా చేతి మీద నీలం ఉండె. ఒక్క పొద్దు కూడా తగ్గలా."

"ఒక్క పొద్దు కూడా?"

"ఒక్క పొద్దు కూడా."

ఆమె నా చెయ్యి అందుకుంది. ఆ తెల్లమచ్చను బొటనవేలితో మెల్లగా నిమిరింది. ఆరేళ్ళ తర్వాత మొగుడి కోసం ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆమె తల నా భుజానికి ఆనించుకున్నాను.

"మరి నా చేతి మీది పచ్చ?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"అది నాది. గంగిని ఒళ్ళో పెట్టుకుంటే నాకు అంత నిండుగా ఉండేదక్కా."

చెప్పాక నాకూ ఏడుపు ఆగలేదు. నేను నా బిడ్డను ప్రేమించాను. మొదటి రోజు నుంచీ ప్రేమించాను. ఆ సాక్ష్యం పక్కింట్లో, మా తోడికోడలి చేతి మీద పచ్చగా వెలుగుతూనే ఉంది.

వెళ్ళేటప్పుడు ఏ చేతి పూస ఆ చేతికే మళ్ళీ కట్టుకున్నాం. చౌడక్క అంది. "పోయే సంగతి రొంత ఆలోచించుకోనియ్యి. నాకు నేను కొత్త గదా."

రోహిణి కార్తె, ఆఖరి రోజు

పెద్దల గదికి పోయేసరికి చౌడక్క ఇంకా ఏమీ చెప్పలేదు. కాబట్టి పూసలు మారిన సంగతి నేను చెప్పకూడదు. చెబితే ఆమెను గెంటినట్టే. చెప్పకపోతే గంగిని వదిలి పోవాలి.

కంబగిరి నా చెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు. నారింజ. "సుంకులమ్మ ఏరు జట్టుతో పోతాది," అన్నాడు.

"నేను పోను," అన్నాను.

అతని నవ్వు మొదటిసారి ఆగిపోయింది. "పూస పోతానంటాంది. నువ్వు పోనంటాండావు. మేం ఎవరిని నమ్మాల?"

"నన్నప్పా. నా సంగతి నన్నడిగి నమ్మండి. నాకు ఈడ నిండుగా ఉండాది. నా బిడ్డ దగ్గర, నా నారు దగ్గర."

గుసగుసలు మొదలయ్యాయి. నాకు మతి చలించిందని ఎవరో అన్నారు. వెనక నుంచి చౌడక్క లేచింది.

"దాని మతి బాగానే ఉండాది. ఆ నారింజ నాది," అంది.

కంబగిరి పూసలు సరిచూసే పెట్టె తెప్పించి పరీక్ష చేశాడు. నిజమేనని తేలింది. మా అత్త అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "రెండు గిన్నెలకు నీళ్ళు ల్యాకపాయె నాయనా. ఒక్క చెంబు మిగిలిద్దామని ఒకే గిన్నెలో ముంచితి. తీసేటప్పుడు యాది ఎవురిదో సూసుకోకపోతి." నా వైపు తిరిగింది. "పసిబిడ్డను నీ పక్కన పండనీయకుండా ఎత్తకపోతి గదమ్మా!"

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. దాచను. ఆ ఏడాది నాకు ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కానీ ఆమె చేతులు చూశాను. ఆ ఏడాదంతా నా గంగిని గుండెకు హత్తుకుని పడుకున్న చేతులు అవే. వెళ్ళి పట్టుకున్నాను.

"సరే, ఇప్పుడే పూసలు మార్చి, చౌడేశ్వరమ్మ పేరు రాసేద్దాం," అన్నాడు కంబగిరి, తేలిగ్గా ఊపిరి తీసుకుంటూ.

"రాసే ముందర నన్ను అడుగప్పా," అంది చౌడక్క.

అతనికి అడగడం చేతకాలేదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "చౌడేశ్వరమ్మా... నీకు... పోవాలనుందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. గదిలో అందరం ఆగాం.

"ఉండాది," అంది కళ్ళు తెరిచి. "భయమూ ఉండాది. మా ఆయన రోజూ మెట్ల మొదట్లో కూచోని ఏరు ఎట్ల పారేదో చెప్పేటోడు, వాళ్ళ తాత చెప్పినాడంట. ఆయనకు బదులు నేను పోయి సూసొస్తా. పూస చెప్పిందని కాదు. నేను చెప్తాండా, రాసుకో."

మృగశిర కార్తె, మొదటి రోజు

పైన నాలుగు చినుకులు పడ్డాయని మెట్ల కాపలావాళ్ళు చెప్పారు. టమాట నారు నాటడానికి వచ్చింది.

జట్టు పొద్దువాలేటప్పుడు బయల్దేరింది. కంబగిరి పెట్టె పట్టుకుని మెట్ల దగ్గర నిల్చున్నాడు, పూసలు మార్చడానికి.

చౌడక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దులేప్పా. ఇట్లనే ఉండనీ."

"అదేందమ్మా?"

"నా సంగతి నేను సూసుకోగలను ఇప్పుడు. దారి పక్క స్తంభాలు గింజ మాటను పూసకు మోసినంత దూరం నేనెట్లుండానో సుంకులమ్మకు కనపడతాది. ఇది ఎట్లుందో నాకు కనపడతాది. మాకు అదే కావాల."

కంబగిరి నా వైపు చూశాడు. ఈసారి నా మణికట్టు కాదు, నా మొహం చూశాడు. నేను తలూపాను. పెట్టె మూసేశాడు.

మెట్లెక్కబోతూ ఆమె నా చెవిలో అడిగింది. "ఎట్లుండావు మే?"

"బాధగా ఉండాదక్కా. నువ్వు పోతాంటే బాగుండాది కూడా."

"నాకూ అంతే," అని ఎక్కిపోయింది. పగిలిన రోలు దగ్గర ఒకసారి ఆగి, దాటింది.

ఆర్ద్ర కార్తె, ఐదో రోజు

మృగశిర అంతా నా చేతి మీద ఆమె నడిచింది. ఒక రోజు ఎరుపు, కాళ్ళు బొబ్బలెక్కి ఉంటాయి. ఒక రోజు నీలం, బావ గుర్తొచ్చి ఉంటాడు. నారింజ మాత్రం అడుగడుక్కీ పలచబడుతూ వచ్చింది.

ఈ పొద్దున మూడో వరస దీపం ఆరిపోయింది, వంగ నారు వాడింది. నేను మద్దిలేటి మీద ఇంతెత్తున లేచాను. "పంపు పంపు అంటావు, ఒక్క దీపం..." అంటూ చెయ్యి ఊపుతుంటే అతను ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సూడు మే!"

పూస పచ్చగా వెలుగుతోంది. ఎప్పుడూ చూడనంత నిండు పచ్చ. నేను కోపంతో మండిపోతున్నాను, చౌడక్క ఎక్కడో దారిలో నిండుగా ఉంది. ఏరు కనపడిందో, నాలుగు చినుకులు నెత్తిన పడ్డాయో, ఏమీ లేకుండానే నిండిందో. మేమిద్దరం తలలు ఆనించి చూస్తుండగానే వెలుగు సన్నబడి ఆరిపోయింది. ఆఖరి స్తంభం దాటిపోయింది.

మద్దిలేటి నిచ్చెన తెచ్చి దీపం బాగుచేశాడు. నేను మొక్కల మధ్య కూర్చుని ఏడ్చాను.

గంగి వచ్చింది. అలవాటుగా నా చెయ్యి తిప్పి చూసింది. పూస నల్లగా ఉంది. కాసేపు దాన్నే చూసి, తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

"అమ్మా, ఎట్లుండావు?"

వెంటనే చెప్పలేకపోయాను. లోపలికి పోయి చూసుకుని రావడానికి నాకు ఇంకా కాస్త సమయం పడుతుంది. అది ఆగింది.

"పెద్దమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తాండాది. మీ నాయన మీద కోపం రొంత మిగిలుండాది. అయినా అడుగున నిండుగానే ఉండాది."

"అయితే ఏం రంగు?"

"రంగు ల్యాదు బిడ్డా. ఇదే. నువ్వెట్లుండావు?"

దాన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. బుగ్గలు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను ఆగాను. తొందర పెట్టకూడదని పెదవి కరుచుకుని ఆగాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది, మొహం వెలిగిపోతోంది.

"ఆకలైతాంది!"

ఇద్దరం చేతులు కడుక్కుని రొట్టె తినడానికి వెళ్ళాం.